తంగేడు పూచిన నేల

వరంగల్లు పరిసరాలలో గుట్టల వాలులందు, చెలకల గట్లమీద, బాటల అంచులందు తంగేడు తనంతట తానే పెరుగుతుంది. దానికి విత్తిన వారు లేరు. నీరు పోసిన వారూ లేరు. రాతినేలలో వేరూని, ఎండలకు తాళి, నరికినా మరల చిగిర్చే మొండి పొద అది. తోళ్లు పదును చేయుటకు దాని బెరడు, పండ్లు తోముకొనుటకు పుల్ల, పచ్చిరొట్ట ఎరువునకు ఆకు ఉపయోగపడుతూ వచ్చినవి.

భాద్రపద అమావాస్య నాడు మొదలై తొమ్మిది దినాలు సాగే బతుకమ్మ పండుగలో ఈ అడవిపూవుకే అగ్రస్థానం. అన్యత్ర పూవులతో దేవతను పూజిస్తారు. ఇక్కడ పూవులే దేవత. సద్దుల నాటి సాయంకాలం, 1163లో రుద్రదేవుడు నిర్మించిన వేయిస్తంభాల గుడి ముంగిట, పద్మాక్షి గుట్ట చెంత, ఆ పసుపు శిఖరాలు వరుసలు తీరుతాయి.

2014లో తంగేడు తెలంగాణ రాష్ట్రపుష్పమైనది. కాని బంజరులు ఇండ్లస్థలాలైన కొలదీ, నాడు పొలిమేరలో ఊరక కోసుకొనిన పూవును నేడు అంగడిలో కొనవలసి వస్తున్నది. రాష్ట్రపుష్పమన్న గౌరవంతోపాటు, ఊరికొక గుట్టవాలునైనా ఆ పూవుకు విడిచిపెట్టుట మేలు.