బూటులో చింతగింజ

మా పెదనాన్న రిటైరైన లెక్కల మాస్టారు. ఆమధ్య బంధువుల పెళ్ళికని పొద్దున్నే బూట్లు తొడుక్కుని బయల్దేరినవాడు రాత్రి పదింటికి ఇల్లు చేరి విప్పుకున్నాడు. కుడి బూటులోంచి చింతగింజ జారి పడింది. ముందురోజు మనవరాలు వామనగుంటలు ఆడుతూ పడేసి ఉంటుంది. పద్నాలుగు గంటలు ఆ గింజ మీదే నడిచాడు, నిలబడ్డాడు, భోజనాల దగ్గర అజమాయిషీ చేశాడు. మేజోడుకి రూపాయి బిళ్ళంత రక్తపు మరక కనిపించేదాకా సంగతే తెలీదు. మర్నాడు ఫోను చేస్తే "నొప్పేం లేదురా, కంగారుపడకండి" అన్నాడు. అదేదో మంచి కబురైనట్టు.

ఆయనకు ఇరవై రెండేళ్ళుగా షుగరు.

షుగరు వాళ్ళ కాలి పుండు గురించి మన ఇళ్ళల్లో స్థిరపడిపోయిన అభిప్రాయం ఒకటుంది. రక్తంలో తీపి ఎక్కువైంది కాబట్టి మాంసం పాడైపోయింది, పాడైన మాంసం గనక పుండు మానదు అని. ఈ మాటలో కొంత నిజం ఉంది. షుగరు అదుపులో లేకపోతే చీము త్వరగా పడుతుంది, గాయం నెమ్మదిగా పూడుతుంది. అసలు పుండు ఎందుకు పడింది, పడింది ఎందుకు మానడంలేదు అన్న ప్రశ్నలకు మాత్రం అది జవాబు కాదు. ఆ జవాబు దొరికింది షుగరు ఆస్పత్రిలో కూడా కాదు. మన చిత్తూరు జిల్లా సరిహద్దుకు కూతవేటు దూరంలో, పాతకాలం వాళ్ళు రాయవేలూరు అని పిలుచుకునే వెల్లూరులో, కుష్ఠురోగుల మధ్య.

పాల్ బ్రాండ్ 1914లో తమిళనాడులోని కొల్లిమలైలో మిషనరీ దంపతులకు పుట్టాడు. లండన్‌లో సర్జరీ నేర్చుకుని 1946లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చాడు. అప్పటికి కుష్ఠు గురించి డాక్టర్లు కూడా అనుకుంటున్నది ఒక్కటే: అది మాంసాన్ని తినేసే జబ్బు, వేళ్ళు వాటంతటవే కుళ్ళి ఊడిపోతాయి, ఆ ఒంటిమీద కత్తి పెడితే గాయం మానదు. బ్రాండ్ ధైర్యం చేసి వంకరపోయిన చేతులకు ఆపరేషన్లు చేశాడు. గాయాలు మామూలు మనుషులకు మానినట్టే మానాయి. మరి వేళ్ళెక్కడికి పోతున్నాయి?

ఒకరోజు తుప్పుపట్టిన తాళం ఒకటి ఆయన ఎంత తిప్పినా రాలేదు. పక్కనున్న కుష్ఠురోగి కుర్రాడు తీసుకుని ఇట్టే తిప్పేశాడు. ఇంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందా అని బ్రాండ్ వాడి చెయ్యి పట్టుకు చూస్తే నెత్తురు కారుతోంది. తాళంచెవి వేలిని ఎముకదాకా కోసేసింది. కుర్రాడికి తెలియనే తెలియదు. మనలో ఎవరమైనా నొప్పి పుట్టగానే ఆగిపోయేవాళ్ళం. వాడిని ఆపేది ఏదీ లేదు.

ఇంకా విచిత్రం, కొందరికి రాత్రి పడుకునేటప్పుడున్న వేలు తెల్లారేసరికి సగమే ఉండేది. మేలుకుని కాపు కాస్తే అసలు సంగతి బయటపడింది. ఎలుకలు! నిద్రలో స్పర్శలేని వేళ్ళను కొరుక్కుతింటున్నాయి. దానికి మందు ఏ ఫార్మసీలోనూ దొరకలేదు. రోగులకు తలా ఒక పిల్లినిచ్చారు. (ఇది పాతకాలపు కథ అనుకోనక్కర్లేదు. టాంజానియాలోని దారెస్సలామ్‌లో షుగరు రోగుల పాదాలకు ఎలుకకాట్లు పడుతున్నాయని అక్కడి డాక్టర్లు ఈ శతాబ్దంలోనే రాశారు.)

మాంసం మంచిదే, కాపలా కాసే నొప్పి లేకపోవడమే రోగం అని తేలాక వైద్యం తలకిందులైంది. మందులకన్నా ముందు చెప్పులు కావలసివచ్చాయి. కాలికింద మెత్తగా అణిగి ఒత్తిడిని పంచేసే మైక్రోసెల్యులార్ రబ్బరును వెల్లూరులోనే తయారుచేయించారు. ఇప్పటికీ ప్రభుత్వాస్పత్రులు కుష్ఠురోగులకు ఉచితంగా ఇచ్చే ఎంసీఆర్ చెప్పుల కథ అక్కడిదే.

1966లో బ్రాండ్ అమెరికాలో లూసియానా రాష్ట్రంలోని కార్విల్ కుష్ఠు ఆస్పత్రికి వెళ్ళాడు. అక్కడ షుగరు రోగుల పాదాలు చూస్తే వెల్లూరులో చూసిన పుండ్లే. అదే చోట, అదే ఆకారంలో, అరికాలి ముందుభాగంలో బొటనవేలి మొదట్లో గుండ్రంగా, అంచున గట్టి ఆనెకాయతో. రెండు జబ్బులకూ చుట్టరికం లేదు. ఒకటి క్రిమి వల్ల, ఇంకొకటి చక్కెర వల్ల. రెండూ చంపేది మాత్రం నరాన్నే.

కార్విల్‌లో ఎలుకల మీదే ఒక ప్రయోగం చేశారు, ఈసారి కొరికే వంతు కాదు, బాధపడే వంతు వాటిది. మత్తిచ్చిన ఎలుక పాదం మీద చదరపు అంగుళానికి 20 పౌన్ల ఒత్తిడితో ఒక యంత్రం రోజుకు 10,000 సార్లు తట్టేది. ఒక్కసారి తడితే ఏమీ కాని ఒత్తిడి అది. మొదట్లో పాదం ఎర్రబడి వాచింది, రెండో వారానికల్లా పుండు పడింది. తట్టడం తగ్గించి, వారంలో కొన్ని రోజులు విశ్రాంతినిస్తే అదే పాదం పుండు పడకపోగా మందంగా గట్టిపడింది. అంటే పుండు వేయడానికి మేకులూ గాజుపెంకులూ అక్కర్లేదు. వాచిన చోటుకు తీరిక ఇవ్వకుండా నడుస్తూ పోవడం చాలు. మనం చాలాసేపు నడిస్తే తెలీకుండానే బరువు ఒక పక్కనుంచి ఇంకో పక్కకు మారుస్తాం, కుంటుతాం, కూర్చుంటాం. స్పర్శ పోయినవాడు కుంటడు. పుండుతో కూడా నిటారుగా నడుచుకుంటూ డాక్టరు గదిలోకి వస్తాడు.

షుగరు పాదాన్నే ఎందుకు పట్టుకుంటుంది? పొడవు వల్ల. నడుము దగ్గర వెన్నుపూస పక్కనున్న నరకణం ఒక్కటే దాదాపు మీటరు పొడవు దారాన్ని బొటనవేలిదాకా సాగదీస్తుంది. ఆ చివరన కావలసిన సరుకంతా ఈ మొదలునుంచి వెళ్ళాల్సిందే. ఏళ్ళ తరబడి చక్కెర ఎక్కువైతే నరాలకు నెత్తురిచ్చే సన్నని నాళాలు మూసుకుపోతాయి, నరంలోపల శక్తి తయారయ్యే ఏర్పాటు చెడుతుంది. కాలవ చివరి పొలానికి నీరందనట్టు అన్నిటికన్నా పొడవైన నరం ముందు ఎండుతుంది. తిమ్మిరి వేళ్ళ దగ్గర మొదలై మేజోడు తొడిగినట్టు పైకి పాకుతుంది. అది మోకాలిదాకా వచ్చేసరికి చేతివేళ్ళ చివర్లు మొదలవుతాయి.

ఇక్కడ ఒక మోసం ఉంది. మొదట్లో మంటలు, సూదులు గుచ్చినట్టుండటం, రాత్రిళ్ళు దుప్పటి తగిలినా భరించలేకపోవడం. కొన్నాళ్ళకు అవి తగ్గుతాయి. రోగి సంతోషిస్తాడు. చాలాసార్లు అది తగ్గడం కాదు, ఏడ్చి ఏడ్చి నరం చచ్చిపోవడం. ఆ తర్వాత "దూది మీద నడిచినట్టుంది" అంటారు. హవాయి చెప్పు కాలినుంచి జారిపోయినా తెలియక నాలుగడుగులు వేసేస్తారు. నన్నడిగితే ఏ ల్యాబు రిపోర్టుకన్నా ముందు చూడాల్సిన గుర్తు ఇదే.

చచ్చిన నరానికి ప్రాణం పోసే మందు ఇప్పటికీ లేదు. చావకుండా ఆపడం కొంత మన చేతిలో ఉంది. 1983 నుంచి 1993 దాకా అమెరికా, కెనడాలలో 1,441 మంది టైప్ 1 రోగుల మీద జరిగిన పెద్ద పరిశోధనలో షుగరును గట్టిగా అదుపుచేసినవాళ్ళకు నరాల జబ్బు 60 శాతం తగ్గింది. మనవాళ్ళలో ఎక్కువమందికుండే టైప్ 2లో లాభం అంత కొట్టొచ్చినట్టు కనిపించదు. ఇంకోమాట, ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర వేసుకునేవాళ్ళలో కొందరికి బి12 తగ్గి, ఆ లోపం వల్ల కూడా తిమ్మిర్లు వస్తాయి. అది రక్తపరీక్షలో తెలుస్తుంది, నయం చేయగలిగింది కూడా. అడిగి చేయించుకోవాలి.

స్పర్శ పోయిందో లేదో తేల్చే పనిముట్టు నైలాను దారం ముక్క. పందొమ్మిదో శతాబ్దం చివర్లో జర్మనీలో ఫాన్ ఫ్రై గుర్రపు వెంట్రుకలతో మొదలుపెట్టిన పద్ధతిది. తర్వాత మెదడు గాయాలైనవాళ్ళను పరీక్షించడానికి నైలానుకు మార్చారు. కచ్చితంగా 10 గ్రాముల బరువు దగ్గర వంగే దారాన్ని అరికాలికి ఆనించి, కళ్ళు మూసుకున్న రోగిని "తగిలిందా?" అని అడుగుతారు. పుండ్లు పడినవాళ్ళలో ఒక్కరికీ ఈ దారం తగల్లేదని 1986లో కార్విల్ పరిశోధకులు చూపించారు. ఖరీదు లేదు, కరెంటు అక్కర్లేదు, రెండు నిమిషాల పని. మన దేశంలో 10 కోట్ల పైచిలుకు మందికి షుగరుందని 2023లో ఐసీఎంఆర్ లెక్క తేల్చింది. అందులో మేజోళ్ళు విప్పించి ఈ దారం ఆనించింది ఎందరికో! మా పెదనాన్నకు ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ ఆనించలేదు. ఆయన చూపించుకున్న డాక్టర్లు చెడ్డవాళ్ళేం కాదు, గంటకు ఇరవైమందిని చూసేవాళ్ళు.

పుండు పడ్డాక సంగతికొద్దాం. మన దృష్టంతా పూతమందుల మీద ఉంటుంది. 1989లో అమెరికాలో 40 మందిని రెండు జట్లు చేసి చూశారు. ఒక జట్టుకు మామూలు కట్లు. రెండోదానికి పాదంనుంచి పిక్కదాకా ఒంటికి అతుక్కునేలా పిండికట్టు, ఎముక విరిగినప్పుడు వేసేలాంటిది. ఒత్తిడంతా పుండు మీంచి తప్పించి కాలంతా పంచేస్తుందది. ఈ పద్ధతి కూడా శ్రీలంక, దక్షిణ భారతంలోని కుష్ఠు ఆస్పత్రుల్లో పుట్టి అమెరికా చేరిందే. పిండికట్టు వేసిన 21 మందిలో 19 మందికి పుండు మానింది, సగటున ఆరు వారాల్లో. మామూలు కట్టు జట్టులో 19 మందికి గాను మానింది ఆరుగురికే. మానని మాంసం కాదన్నమాట, మాననివ్వని నడక.

పిండికట్టు వేయడం నేర్పుగల పని. అందుకని తీసి పెట్టుకునే బూటులాంటి తొడుగులు వచ్చాయి. పుండు మీంచి ఒత్తిడిని అవీ బాగానే తప్పిస్తాయి. అయినా పుండ్లు అంత బాగా మానలేదు. డేవిడ్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే పాదాల సర్జన్ 2003లో ఒక చిలిపి పని చేశాడు. రోగి నడుముకు అడుగులు లెక్కించే యంత్రం ఒకటి కట్టి, ఇంకొకటి తొడుగులోపల వాళ్ళకు తెలీకుండా దాచాడు. రెండు లెక్కలూ పోల్చి చూస్తే, రోగులు వేసిన అడుగుల్లో తొడుగుతో వేసినవి 28 శాతమే. మిగతా నడకంతా దాన్ని విప్పి పక్కన పడేసి. తర్వాత అదే తొడుగు ఊడదీయడానికి వీల్లేకుండా పైన పట్టీ చుట్టేస్తే 12 వారాల్లో మానినవాళ్ళు 83 శాతం, చుట్టకపోతే 52 శాతం. వస్తువు ఒకటే, తేడా పట్టీది.

బూట్లతో మంచమెక్కే అమెరికావాళ్ళ సంగతే ఇది. మన ఇళ్ళల్లో చెప్పులు గుమ్మం దాటవు. రిటైరైన మనిషి రోజులో వేసే అడుగుల్లో ఎక్కువ భాగం ఇంట్లోనే, గచ్చు మీద, ఉత్తి కాళ్ళతో. ఎంసీఆర్ చెప్పులు ఎంత మంచివైనా అవి వీధి అరుగుమీద ఉంటే కాలికేం లాభం? మిట్టమధ్యాహ్నం గుడి బండలమీద ప్రదక్షిణ చేసి అరికాళ్ళు బొబ్బలెక్కించుకునేవాళ్ళు ప్రతి వేసవిలోనూ ఉంటారు. కాళ్ళ తీపులని వేడినీళ్ళల్లో పాదాలు పెట్టి ఉడికించుకునేవాళ్ళు, ఆనెకాయను పాత బ్లేడుతో చెక్కుకునేవాళ్ళు సరేసరి. ఆనెకాయ తీయాల్సిందే, అది చర్మం కింద గులకరాయిలాంటిది. తీయాల్సింది మాత్రం తెలిసినవాళ్ళు.

ఒత్తిడి ఒక్కటే శత్రువనీ అనలేను. కాలికి నెత్తురు తెచ్చే పెద్ద నాళాలు పూడుకుపోయి ఉంటే ఎంత విశ్రాంతిచ్చినా పుండు మానదు, ముందు నాళం తెరవాలి. పొగ తాగేవాళ్ళకు, బీపీ, కొలెస్టరాల్, మూత్రపిండాల జబ్బు కూడా ఉన్నవాళ్ళకు ఈ ప్రమాదం ఎక్కువ. పాదం మీద నాడి దొరుకుతోందా లేదా అన్నది కూడా దారం ఆనించినప్పుడే చూడాల్సిన విషయం.

పెదనాన్నకు నాళాలు బాగానే ఉన్నాయి. పిండికట్టు వేశారు, ఏడు వారాల్లో పుండు పూడింది. అయితే ఒకసారి మానిన పుండు ఏడాదిలోపు మళ్ళీ పడే అవకాశం వందకు నలభై. అది ముందే ఎలా తెలుస్తుంది? నొప్పి చెప్పదు గానీ వేడి చెబుతుంది. పుండు పడబోయే చోటు ముందు వాచి వెచ్చబడుతుంది. 2007లో లారెన్స్ లావెరీ బృందం అంతకుముందు పుండు పడినవాళ్ళకు ఇంట్లో అరికాళ్ళ వేడి చూసుకునే థర్మామీటర్లిచ్చింది. రెండు పాదాల్లో ఒకేచోట తేడా 2.2 సెంటీగ్రేడు డిగ్రీలు దాటితే నడక తగ్గించి ఆస్పత్రికి ఫోను చేయాలి, అంతే నియమం. పదిహేను నెలల్లో థర్మామీటరు ఉన్నవాళ్ళలో మళ్ళీ పుండు పడింది 8.5 శాతానికి, లేనివాళ్ళలో దాదాపు 30 శాతానికి.

మా వాళ్ళింట్లో ఆ థర్మామీటరు లేదు. ఇంట్లో వేసుకోవడానికని వేరే జత చెప్పులు కొన్నారు, వాటి మీద పెద్ద యుద్ధమే జరిగింది. "వంటింట్లోకి చెప్పులేమిటండీ!" అని పెద్దమ్మ నెలరోజులు సాధించింది. చివరికి దేవుడి గది ఒక్కటి మినహాయించి ఒప్పందం కుదిరింది. అక్కడ ఆయన కుర్చీలో కూర్చునే దణ్ణం పెట్టుకుంటాడు. రాత్రి పడుకోబోయే ముందు పెద్దమ్మ ఆయన అరికాళ్ళు రెండూ మునివేళ్ళతో తడిమి చూస్తుంది. చెయ్యి థర్మామీటరు కాదని నేను చెప్పాను, అయినా మానలేదు. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు కుడికాలి దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

"ఇది కాస్త వెచ్చగా ఉందండీ."

"నాకేం తెలియట్లేదే," అన్నాడు పెదనాన్న.

"మీకు తెలీదు లెండి," అంటూ ఆమె లైటు వేసింది.