మెరకకో లెక్క, పల్లానికో లెక్క

వానాకాలం నాట్లు మొదలయ్యాక జగిత్యాల జిల్లా కోరుట్ల, మెట్‌పల్లి ఎరువుల దుకాణాల ముందు వినిపించే ప్రశ్న ఒకటే: ‘ఎకరానికి ఎన్ని బస్తాలు?’ ఏ ఎకరానికి అని ఎదురడిగేవాళ్లు అరుదు. గుట్ట కింది చెలకకు, చెరువు కింది మడికి, వాగు ఒడ్డు దుబ్బకు అదే లెక్క. యూరియా బస్తా సబ్సిడీ ధర 266 రూపాయల 50 పైసలే కాబట్టి ఒకటి ఎక్కువ పడ్డా పెద్దగా బెంగ ఉండదు. దొరకని రోజుల్లో మాత్రం చెప్పులు, పాస్‌పుస్తకాలు వరుసలో పెట్టి తెల్లవారుజాము నుంచి కాపు కాస్తారు.

ఆ బస్తా బరువు 45 కిలోలు. అందులో 46 శాతం నత్రజని, అంటే ఇరవై కిలోల పైచిలుకు. వరి చేలో చల్లిన నత్రజనిలో పైరుకు అందేది సాధారణంగా మూడో వంతుకు అటూ ఇటూ. మిగిలింది కొంత గాలిలో కలుస్తుంది, కొంత నేలలోకి దిగిపోతుంది, కొంత నీళ్లతో పాటు పక్క మడికి పోతుంది. ఏ దారిన ఎంత పోతుందన్నది చాలావరకు రెండు సంగతుల మీద ఆధారపడి ఉంటుంది: పొలం వాలులో ఎక్కడుంది, చల్లిన నాడు నేలలో తడి ఎంతుంది. నేల వాలు, తేమ వివరాలు చూసి ఎరువు వేయమని శాస్త్రవేత్తలు చెప్పేది అందుకే.

సిరిసిల్ల జిల్లాలో రుద్రంగి, వీర్నపల్లి వైపు గుట్టల అంచున నిలబడి కిందికి నడిస్తే ఈ విషయం కంటికే కనిపిస్తుంది. పైన మొరం కలిసిన ఎర్ర చెలక. వాన పడితే సన్నటి మన్ను, దాంతో పాటు సేంద్రియ పదార్థం కిందికి జారిపోతాయి. మిగిలిన గరుకు నేల నీళ్లను పట్టి ఉంచలేదు. ఇంకాస్త దిగితే నేల మందం పెరుగుతుంది, రంగు మారుతుంది. అట్టడుగున చెరువు, దాని కింద ఆయకట్టు, బంకమన్ను మళ్లు. మన పెద్దలు గొలుసుకట్టు చెరువులు తవ్వింది ఈ వాలు చదువుకునే. నిజాం కాలపు రెవెన్యూ రికార్డులు భూమిని తరి, ఖుష్కి అని విడదీసి రాశాయి. ఒక రకంగా అదీ తేమ పటమే, పన్ను కోసం గీసుకున్నది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో రైతులు చెరువు పూడిక మట్టిని ట్రాక్టర్లతో చెలకలకు తోలుకున్నారు కదా, అది కొత్త మన్నేమీ కాదు. పైనుంచి కొట్టుకుపోయినదే తిరిగి పైకి వచ్చింది.

ఇక నత్రజని సంగతి. యూరియా నేలలో పడ్డాక ముందు అమ్మోనియంగా మారుతుంది. అమ్మోనియాన్ని బంకమన్ను పట్టి ఉంచుతుంది. గాలి ఆడే నేలలో అది నైట్రేట్ అవుతుంది. నైట్రేట్‌ను ఏ మన్నూ పట్టి ఉంచదు, నీళ్లు ఎటు పోతే అటు పోతుంది. చెలకలో ఒక్కసారే రెండు బస్తాలు చల్లాక పెద్ద వాన పడిందంటే, ఆ నత్రజని వేళ్లకు అందనంత లోతుకు దిగిపోతుంది. పల్లంలో కథ వేరు. మడి ఒకసారి ఆరి నెర్రెలిచ్చి, మళ్లీ నీళ్లు నిండితే, ఆరినప్పుడు తయారైన నైట్రేట్ నిండినప్పుడు వాయువుగా మారి గాలిలో కలిసిపోతుంది. నిలువ నీళ్లలో యూరియా చల్లితే అమ్మోనియా ఆవిరవుతుంది, ఎండ కాస్తే ఇంకా ఎక్కువ. మెరకలో నష్టం లోతుకు, పల్లంలో నష్టం పైకి. ఒకే మోతాదు రెండు చోట్లా తప్పే, తప్పే తీరు మాత్రం వేరు.

అందుకే తేలిక నేలల్లో నత్రజనిని ఇంకో దఫా పెంచి కొద్దికొద్దిగా వేయమంటారు, పొటాష్‌ను కూడా రెండుసార్లుగా. బరువు నేలల్లో మడిలో నీళ్లు తీసి, బురద పదునులో చల్లి, ఒకటి రెండు రోజులాగి మళ్లీ నీళ్లు పెట్టమంటారు. నీళ్లు తీయలేని జాలు మడైతే 50 కిలోల యూరియాలో 10 కిలోల వేపపిండి కలిపి రెండు రోజులు ఉంచి చల్లమన్నది వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల పాత సలహా. పల్లంలో పైరు ముదురాకుపచ్చగా కమ్ముకుంటే చాలామందికి కడుపు నిండుతుంది. దోమపోటు, అగ్గితెగులు వచ్చేదీ ఆ నలుపు చూసే, కోతకు ముందు గాలివానకు పడిపోయేదీ ఆ పైరే.

ఊరి వాలును, తడిని కాగితం మీదికి ఎక్కించడం ఇప్పుడు కష్టం కాదు. 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌక ఎండీవర్ పదకొండు రోజులు తిరిగి, రాడార్‌తో భూమి ఎత్తుపల్లాలు కొలిచింది. 2005లో ఇస్రో పంపిన కార్టోశాట్-1 మన నేలను జంట చిత్రాలుగా తీసింది. వాటితో తయారైన ఎత్తుల పటం హైదరాబాద్ జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నడిపే భువన్ పోర్టల్‌లో ఉంది. ఆ ఎత్తుల నుంచి తడిని అంచనా కట్టే సూత్రాన్ని 1979లో బెవెన్, కిర్క్‌బీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్తలు ఇచ్చారు. ఒక చోటికి పైనుంచి ఎంత విస్తీర్ణం నీళ్లు చేరతాయి, అక్కడ వాలు ఎంత? విస్తీర్ణం ఎక్కువై వాలు తక్కువైతే అక్కడ తడి నిలుస్తుంది. అంతే సూత్రం.

సూత్రం మంచిదే. కానీ దాన్ని జగిత్యాలకు తెచ్చి ఉన్నదున్నట్టు వాడితే బోర్లా పడతాం. ఆకాశం నుంచి పడ్డ నీళ్లు వాలు వెంట దిగుతాయన్నది దాని నమ్మకం. ఇక్కడ నీళ్లు అలా రావు. పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్‌కు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. అక్కడి నుంచి వచ్చే కాకతీయ కాలువ ఎత్తు పెద్దగా తగ్గకుండా మెరక వెంట సాగుతుంది, దాని కింద ఆయకట్టు. కాలువ పక్కన ఎత్తు మీదున్న పొలం ఊటకు జాలు పడుతుంది. కింద, కాలువ చివర ఉన్న పల్లపు పొలం యాసంగిలో ఎండిపోతుంది. పటంలో చూస్తే మొదటిది పొడి, రెండోది తడి. కాళేశ్వరం నీళ్లను వరద కాలువలో ఎదురెక్కించి శ్రీరాంసాగర్‌కు తోడేందుకు రాంపూర్, రాజేశ్వర్‌రావుపేటల్లో పంపుహౌస్‌లు కట్టిన జిల్లా ఇది. నీళ్లు పల్లమెరుగు అన్న మాట ఇక్కడ కరెంటు బిల్లును బట్టి మారుతుంది.

ఆయకట్టులో వాలు కన్నా తేమకే ఎక్కువ విలువ అని నా అభిప్రాయం. కాలువ నీళ్లను ఆన్ అండ్ ఆఫ్ పద్ధతిలో వంతులవారీగా వదిలినప్పుడు, రెండో దఫా యూరియా చల్లే రోజును నాటిన తేదీని బట్టి కాక నీటి వంతును బట్టి పెట్టుకోవాలి. వంతు ముగిసి మడి బురద పదునుకు వచ్చినప్పుడు చల్లితే, వచ్చే నీళ్లు దాన్ని లోపలికి దింపుతాయి. నీళ్లు రాకముందే ఎండు నేలపై చల్లి కూర్చుంటే కొంత గాలిపాలు కావచ్చు. చెలకలు, గుట్టలు ఎక్కువున్న సిరిసిల్ల మెట్ట మండలాల్లో మాత్రం వాలు పటం చెప్పేది చాలావరకు నిజమవుతుంది. పత్తి, మక్క రైతులు దాన్ని నమ్మవచ్చు.

కోరుట్ల పసుపు ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. ఎనిమిది తొమ్మిది నెలలు నేలలో ఉండే పంట. నీళ్లు నిలిస్తే దుంప కుళ్లు, తడి ఆరితే దుంప ఊరదు. ఎత్తు బెడ్లు చేసి డ్రిప్ పెట్టినవాళ్లు వాలును కొంత తామే తయారు చేసుకున్నట్టు. డ్రిప్‌లో ఎరువు వారం వారం చిన్న మోతాదుల్లో పంపుతారు కాబట్టి చెలకల్లో నైట్రేట్ జారిపోయే బెడద తగ్గుతుంది. కాలువల్లో పారించి, పసుపులో మక్క అంతరపంటగా వేసిన చోట సాలు మొదట్లో తడి ఒకటి, చివర్లో తడి ఇంకొకటి. అక్కడ చేను మొత్తానికీ ఒకే లెక్కన మందు వేయడం దండగ.

ఉపగ్రహాలు తేమను నేరుగా కొలుస్తాయి కదా అంటారా? కొలుస్తాయి, కానీ ఎంత పెద్ద గడికి ఒక అంకె ఇస్తున్నాయో చూడాలి. 2015లో నాసా పంపిన స్మాప్ ఉపగ్రహం ఇచ్చే తేమ పటంలో ఒక్కో గడి తొమ్మిది కిలోమీటర్లు, అంటే దాదాపు ఇరవై వేల ఎకరాలకు ఒకే అంకె. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇస్రో-నాసా ఉమ్మడి నిసార్ రాడార్ ఉపగ్రహం నుంచి ఆశిస్తున్నది 200 మీటర్ల గడి, అంటే పది ఎకరాలకు ఒకటి. రాడార్ మబ్బుల్లోంచి చూడగలదు, వానాకాలంలో మనకు అక్కరకొచ్చేది అదే. అయితే నీళ్లు నిండిన వరి మడి మీద అది చెప్పేది ‘నీళ్లున్నాయి’ అని మాత్రమే. ఆ సంగతి ఒడ్డు మీద నిలబడ్డ రైతుకూ తెలుసు. ఎత్తుల పటాలదీ ఇదే చిక్కు. వాటిలో పొరపాటు మీటర్లలో ఉంటుంది, మన మడికీ మడికీ తేడా జానెడు. ఊరి వాలును అవి చూపగలవు, మడి వాలును కాదు.

మడిలో తేమకు మాత్రం చవకైన కొలత ఉంది. అడుగు పొడవు ప్లాస్టిక్ పైపు ముక్కకు చుట్టూ రంధ్రాలు చేసి, సగం పైగా మడిలోకి దించి, లోపలి బురద తీసేయాలి. పైపులో నీళ్లు నేల మట్టానికి పదిహేను సెంటీమీటర్ల కిందికి దిగేదాకా మళ్లీ తడి పెట్టనక్కర్లేదు, పూత దశలో తప్ప. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారంలోకి తెచ్చిన ఆరుతడి పద్ధతి ఇది. దీంతో పాటు అదే సంస్థ తెచ్చిన ఆకురంగు పట్టీ ఒకటి చేతిలో ఉంటే ఎప్పుడు వేయాలో, అసలు వేయాలో వద్దో రెండూ తెలుస్తాయి. మెరక మడిలో ఒక పైపు, పల్లపు మడిలో ఒక పైపు పాతి వారం చూస్తే, రెండూ ఒకే రోజు ఆరవని తేలిపోతుంది.

అమెరికాలో ట్రాక్టరే పటం చదువుకుంటూ అడుగడుక్కూ ఎరువు మోతాదు మార్చుకుంటుంది. రెండెకరాల కమతాల్లో ఆ యంత్రం తిరగడానికే చోటు చాలదు. మనకు కావాల్సింది పొలాన్ని ముక్కలు చేయడం కాదు, ఊరిని మూడు భాగాలుగా చూడటం: మెరక, నడిమి, పల్లం. కాలువ ఉన్న ఊళ్లో జాలు భూములు, చివరి భూములు అని ఇంకో రెండు. ఒక్కో భాగానికి ఒక్కో ఎరువుల పట్టిక. రాష్ట్రంలో సుమారు ఐదు వేల ఎకరాలకో క్లస్టర్ ఉంది, దానికో వ్యవసాయ విస్తరణాధికారి, ఒక రైతు వేదిక ఉన్నాయి. ఆ వేదిక గోడ మీద ఊరి వాలు పటం ఒకటి అతికించడానికి కోట్లేమీ అక్కర్లేదు. జగిత్యాల పక్కనే పొలాసలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. జగిత్యాల సన్నాలు అనే వరి రకం పుట్టింది అక్కడే. వరి తర్వాత వరి వేస్తూ, ఒక్కో మడికి ఒక్కో మోతాదు ఎరువు ఇస్తూ 2000-01 నుంచి దీర్ఘకాలిక ప్రయోగం నడుస్తున్నదీ అక్కడే. అంతటి అనుభవమున్న చోటు నుంచి ఊరికి చేరే సలహా చివరికి ‘ఎకరానికి ఇంత’ అనే ఒక్క వరుసగా కుదించుకుపోతోంది.

2015 ఫిబ్రవరిలో కేంద్రం మొదలుపెట్టిన భూసార కార్డుల్లోనూ ఇదే లోపం. పన్నెండు అంశాలు పరీక్షించారు, బాగుంది. కానీ నీటి వసతి ఉన్న చోట రెండున్నర హెక్టార్లకు, అంటే ఆరెకరాల పైచిలుకుకు ఒక నమూనా, మెట్టలో పది హెక్టార్లకు ఒకటి తీశారు. ఆ గడిలో పడ్డ రైతులందరికీ ఒకే ఫలితం. గడి గీతలకు గుట్టా తెలియదు, వాగూ తెలియదు. గళ్లకు బదులు వాలును బట్టి నమూనాలు తీసి ఉంటే అదే ఖర్చుతో కార్డు ఎంతో పనికొచ్చేది.

కార్డు ఎప్పుడో వస్తుందని ఆగాల్సిన పని లేదు. యాసంగి కోతలయ్యాక, దుక్కికి ముందు మీ మట్టిని మీరే తీయండి. మెరక మళ్లలో పది పదిహేను చోట్ల జానెడు లోతున ‘వి’ ఆకారంలో తవ్వి, మన్ను కలిపి, చివరికి అరకిలో ఒక సంచిలో పోయండి. పల్లంలోనూ అలాగే తీసి వేరే సంచిలో పోయండి. గట్ల పక్కన, చెట్ల కింద, పెంటకుప్పలు వేసిన చోట తీయకండి. రెండింటినీ కలిపి ఒకే నమూనాగా ఇవ్వమని ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. సంచి మీద సర్వే నంబరుతో పాటు ‘మెరక’, ‘పల్లం’ అని రాసి దగ్గర్లోని భూసార పరీక్ష కేంద్రంలో ఇవ్వండి.