ఆగితే వేడెక్కే కారు

ప్రశ్న: మా నాన్నగారి పాత మారుతి 800 హైవే మీద ఎంత దూరమైనా హాయిగా పోతుంది. ఊళ్లోకొచ్చి ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే చాలు, టెంపరేచర్ ముల్లు పైకి పోతుంది. రేడియేటర్ ఫ్యాన్ తిరగడం లేదు. ఫ్యాన్ పోయినట్టేనా? ఎలా తెలుసుకోవాలి?

జవాబు: పరుగెడితే బాగుంటుంది, ఆగితే వేడెక్కుతుంది అన్నారు చూశారా, అది చాలా విలువైన సంగతి. ముందు దాని అర్థం చూద్దాం.

ఇంజన్లో మండిన పెట్రోలు ఇచ్చే శక్తిలో చక్రాల దాకా చేరేది మూడో వంతు కూడా ఉండదు. చాలా భాగం పొగతోపాటు సైలెన్సర్ గుండా పోతుంది. ఇంకా చాలా వేడి ఇంజన్ లోహంలోనే దిగబడుతుంది. దాన్ని తీసెయ్యడానికే కూలెంట్ కలిపిన నీళ్లు ఇంజన్ చుట్టూ తిరిగి రేడియేటర్‌లోకి వస్తాయి. అక్కడ సన్నటి గొట్టాల మధ్య ఉన్న పల్చటి రేకుల సందుల్లోంచి గాలి దూరి, ఆ వేడిని పట్టుకుపోతుంది.

కారు వేగంగా పోతున్నంతసేపు ఎదురుగాలి దానంతటదే వస్తుంది. ఫ్యాన్‌తో పెద్దగా పని ఉండదు. సిగ్నల్ దగ్గర కారు ఆగితే గాలి ఆగిపోతుంది, ఇంజన్ మాత్రం మండుతూనే ఉంటుంది. అప్పుడు గాలిని లాగడానికే ఫ్యాన్. హైవే మీద మీ కారు బాగుందంటే నీళ్లు సరిగానే తిరుగుతున్నాయి, వాటర్ పంపు పని చేస్తోంది, రేడియేటర్ మరీ పూడుకుపోలేదు. వీటిలో ఏది చెడినా హైవే మీదే ముందు తెలిసేది, ఎందుకంటే వేగంలో ఇంజన్ పుట్టించే వేడి ఇంకా ఎక్కువ. కాబట్టి లోటు ఆగినప్పుడు గాలి లాగడంలోనే ఉంది.

పాత అంబాసిడర్‌లో ఇంజన్ నిలువుగా ఉండేది, దాని ముందు భాగంలోని బెల్టే ఫ్యాన్‌ను తిప్పేది. ఇంజన్ తిరిగితే ఫ్యాన్ కూడా తిరగాల్సిందే. 1983లో వచ్చిన మారుతి 800లో ఇంజన్‌ను అడ్డంగా పెట్టారు. బెల్టు కారు పక్కకి పోయింది, రేడియేటర్ ముందుకి చూస్తోంది. అందుకే ఫ్యాన్‌కు సొంత కరెంటు మోటారు పెట్టారు. అవసరమైనప్పుడే తిరుగుతుంది కనుక పెట్రోలు కూడా కలిసొచ్చింది. అయితే ఎప్పుడు తిరగాలో ఇప్పుడు ఫ్యాన్‌కు ఎవరో ఒకరు చెప్పాలి.

చెప్పేది థర్మో స్విచ్. ఇది నీళ్లు పోయే దారిలో బిగించి ఉంటుంది. నీళ్ల వేడి 90 డిగ్రీలు దాటి 95 ప్రాంతానికి వచ్చేసరికి దీని లోపలి కాంటాక్టులు కలుస్తాయి, చల్లబడితే విడిపోతాయి. మోటారు లాగే కరెంటు పది ఆంపియర్ల దాకా ఉంటుంది. అంత కరెంటు చిన్న స్విచ్చి గుండా పోతే కాంటాక్టులు కాలిపోతాయి. అందుకని చాలా కార్లలో మధ్యలో రిలే పెడతారు: స్విచ్చి చిన్న కరెంటుతో రిలేను కదిలిస్తుంది, రిలే పెద్ద కరెంటును మోటారుకు వదులుతుంది. ఈ దారిలో ఫ్యూజు ఉంది, వైర్లున్నాయి, కనెక్టర్లున్నాయి, ఎర్తు ఉంది. వీటిలో ఏది తెగినా ఫ్యాన్ తిరగదు. మోటారు నిక్షేపంగా ఉన్నా తిరగదు. ఇది చూడకుండా మోటారు మార్చేసి డబ్బు పోగొట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

కరెంటు జోలికి పోకముందు నీళ్లు చూడండి. స్విచ్చి నీళ్లలో మునిగి ఉంటేనే దానికి వేడి సరిగా తెలుస్తుంది. నీళ్లు తగ్గి స్విచ్చి చుట్టూ గాలి చేరితే, ఇంజన్ ఉడికిపోతున్నా అది ఊరుకుంటుంది. అయితే రేడియేటర్ మూత ఇంజన్ పూర్తిగా చల్లారాకే తియ్యాలి. లోపల నీళ్లు కుక్కర్లో మాదిరి ఒత్తిడి మీద ఉంటాయి. వంద డిగ్రీలు దాటినా మరగని నీళ్లు మూత తియ్యగానే ఆవిరై మొహం మీదికి చిమ్ముతాయి.

తర్వాత ఇంజన్ చల్లగా ఉండగా, బ్యాటరీ వైరు ఊడదీసి, ఫ్యాన్ రెక్కను చేత్తో తిప్పండి. తేలిగ్గా తిరిగి మెల్లగా ఆగాలి. పట్టేసినట్టున్నా, గరగరమన్నా బేరింగు పోయింది. తేలిగ్గానే తిరిగితే బ్యాటరీ వైరు మళ్లీ కలిపి, మోటారు కనెక్టర్ ఊడదీసి, మధ్యలో ఫ్యూజు పెట్టిన రెండు వైర్లతో మోటారుకు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇవ్వండి. ప్లస్, మైనస్ తారుమారు కాకూడదు. చేతులు, చున్నీ, చొక్కా అంచు రెక్కలకు దూరంగా ఉండాలి. ఫ్యాన్ హోరుమని తిరిగితే మోటారుది తప్పు కాదు. తిరగకుండా, మోటారు వెనక మెల్లగా తడితే తిరగడం మొదలెడితే, లోపలి కార్బన్ బ్రష్షులు అరిగిపోయాయని దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

మోటారు బాగుందని తేలితే వెనక్కి నడవాలి. ఫ్యూజు చూడండి. థర్మో స్విచ్ కనెక్టర్ ఊడదీసి, తాళం ఆన్‌లో పెట్టి, కనెక్టర్‌లోని రెండు వైర్లను చిన్న వైరు ముక్కతో కలపండి. ఒకే వైరు ఉంటే దాన్ని ఇంజన్ లోహానికి తాకించండి. ఫ్యాన్ తిరిగిందా, స్విచ్చే పోయింది, మార్చుకోండి. తిరగకపోతే రిలే, వైర్లు. కంప్యూటర్ ఉన్న ఎం.పి.ఎఫ్.ఐ. మోడల్ అయితే ఈ పరీక్ష చెయ్యవద్దు. అక్కడున్నది స్విచ్చి కాదు, సెన్సారు. అడ్డదిడ్డంగా కలిపితే కంప్యూటరుకే ముప్పు.

పాత కార్లలో నేను అన్నిటికంటే ముందు అనుమానించేది కనెక్టర్లను. మోటారు దగ్గరి తెల్ల ప్లాస్టిక్ కనెక్టర్ ఊడదీసి చూస్తే ఒక్కోసారి ఒక పిన్ను చుట్టూ గోధుమరంగు మచ్చ ఉంటుంది, ప్లాస్టిక్ కాస్త కరిగి ఉంటుంది. పిన్ను మీద పచ్చటి చిలుము. అక్కడ పట్టు వదులైంది, వదులైన చోట కరెంటుకు అడ్డు పెరిగింది, అడ్డు పెరిగితే వేడి పుట్టింది, ఆ వేడికి పట్టు ఇంకా వదులైంది. బ్యాటరీలో 12 వోల్టులున్నా మోటారు దాకా వచ్చేది తొమ్మిదే అయితే ఫ్యాన్ నీరసంగా తిరుగుతుంది, గాలి చాలదు.

కొందరు మెకానిక్కులు ఇంత వెతకరు. "డైరెక్ట్ చేసేశాం సార్" అని తాళం తిప్పగానే ఫ్యాన్ తిరిగేలా వైరు లాగేస్తారు. ఇంటికి చేరడానికైతే మంచిదే. అలాగే వదిలేస్తే తాళం ఆన్‌లో ఉన్నంతసేపూ మోటారు అరుగుతుంది, బ్యాటరీ మీద భారం పడుతుంది, పొద్దున ఇంజన్ వేడెక్కడానికి ఎక్కువ సేపు పట్టి పెట్రోలు ఎక్కువ తాగుతుంది. పైగా అసలు లోపం అక్కడే ఉండిపోతుంది.

రిపేరు అయ్యాక ఇంకొకటి చూడాలి. వైర్లు అటూ ఇటూ మారితే ఈ మోటారు తిరగబడి తిరుగుతుంది, గాలిని లాగే బదులు ముందుకు తోస్తుంది. కారు నెమ్మదిగా పోతుంటే ఎదురుగాలికి అడ్డం పడుతుంది. ఫ్యాన్ రేడియేటర్ వెనక ఉన్న మీ కారులో, అది తిరుగుతుండగా ముందు జాలీ దగ్గర ఒక కాగితం పెట్టండి. జాలీకి అతుక్కోవాలి. ఎగిరిపోతే వైర్లు మార్చి బిగించమనండి.