ఎకరానికి ఎన్ని మార్కులు? స్కోర్‌కార్డు లోపలి లెక్క

జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్ళలో వానాకాలం చెలక అంటే ఒక్క పంట కాదు. పచ్చజొన్న సాళ్ళ మధ్య కంది ఉంటుంది. పెసర, మినుము, అనుములు ఉంటాయి. ఎవరూ విత్తకుండానే మొలిచే ఆకుకూరలు ఉంటాయి. ఈ చెలక పనితీరుకి మార్కులు వెయ్యమంటే ఏం కొలుస్తాం?

లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. ఎకరంలో జొన్న ఒక్కటే వేస్తే 5 క్వింటాళ్ళు, కంది ఒక్కటే వేస్తే 4 క్వింటాళ్ళు వస్తాయి. రెండూ కలిపి వేస్తే జొన్న 4, కంది 2. ‘ఎకరానికి జొన్న దిగుబడి’ అనే ఒక్క కొలతతో చూస్తే ఈ మహిళా రైతు వెనకబడినట్టే. 4ని 5తో భాగిస్తే 80 శాతం, అంటే 20 శాతం లోటు. అదే చెలకని ఇంకో రకంగా కొలుద్దాం. జొన్నకి 4/5 అంటే 0.8. కందికి 2/4 అంటే 0.5. కలిపితే 1.3. ఈ ఎకరం ఇచ్చిన గింజలని విడివిడిగా పండించాలంటే ఎకరం 12 గుంటలు కావాలన్న మాట. వ్యవసాయ శాస్త్రం దీన్ని ల్యాండ్ ఈక్వివలెంట్ రేషియో అంటుంది. చొప్ప, ఆకుకూరలు ఇందులో ఇంకా లెక్కకి రాలేదు.

ఒకే చెలక, ఒకే పంటకాలం. ఒక కొలతలో 20 శాతం లోటు, ఇంకో కొలతలో 30 శాతం మిగులు. రెండు లెక్కల్లోనూ తప్పు లేదు.

పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువ మంది దళిత మహిళలు. చిరుధాన్యాలు దండగ అని అందరూ అన్న రోజుల్లో వాళ్ళు ఈ కలగలుపు సాగుని నిలబెట్టారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వాళ్ళకి ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చింది. ఆ బహుమతికి చాలా ముందే, దిగుబడిని ఒకే గింజతో కొలవొద్దని వాళ్ళు వాదిస్తూ వచ్చారు. ఆ వాదనలో ఉన్న గణితం మన ఉద్యమాలకి అక్కరకొచ్చేది. ఎందుకంటే ఇప్పుడు కంపెనీలే కాదు, ప్రభుత్వాలూ, యూనివర్సిటీలూ, ఎన్జీఓలూ స్కోర్‌కార్డుల్లోనే మాట్లాడుతున్నాయి. ఆ భాష ఎనిమిదో తరగతి లెక్కలు దాటి పెద్దగా పోదు. కష్టంగా ఉందని మనల్ని నమ్మించడం మాత్రం బాగా జరుగుతోంది.

కేపీఐ అంటే ముఖ్యమైన పనితీరు సూచిక. చాలా కేపీఐలు ఒక భిన్నమే. పైన లవం, కింద హారం. లక్ష్యం 100 ఉద్యోగాలు, ఇచ్చినవి 80 అయితే 80 శాతం. లక్ష్యాన్నే 60కి సవరిస్తే అవే 80 ఉద్యోగాలు 133 శాతం అవుతాయి. కొత్తగా ఒక్కరికీ పని దొరకలేదు, కార్డు మీద రంగు మాత్రం ఎరుపు నుంచి ఆకుపచ్చకి మారింది. అందుకే ఏ శాతం కనిపించినా ముందు హారం దగ్గరికి వెళ్ళాలి. వార్తల్లో లవం ఊరేగుతుంది, హారం ఫైల్లో ఉండిపోతుంది.

హారంలో ఎవరున్నారన్నది జహీరాబాద్‌లో కోర్టు దాకా వెళ్ళిన ప్రశ్న. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో జాతీయ పెట్టుబడులు, ఉత్పాదక మండలి, అదే నిమ్జ్ కోసం 12,635 ఎకరాలు అనుకున్నారు. భూమి తీసుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం 2015లో తెచ్చిన జీవో 123 ప్రకారం యజమాని ఇష్టపడి అమ్ముతాడు, సర్కారు కొంటుంది. ఈ పద్ధతిలో ‘ఎంతమంది ఒప్పుకున్నారు’ అనే సూచిక కడితే హారంలో ఉండేది పట్టా ఉన్నవాళ్ళే. ఆ భూమి మీద కూలి చేసుకుని బతికేవాళ్ళు పైనా లేరు, కిందా లేరు. పది మంది యజమానులకి పది మందీ సంతకం పెడితే నూటికి నూరు. ఆ పొలాల్లో పనిచేసే నలభై మంది కూలీలని కలిపితే హారం 50 అవుతుంది, ఒప్పుకున్నవాళ్ళు 20 శాతం. నిమ్జ్ వల్ల ఉపాధి పోతుందని ఈ ప్రాంత వ్యవసాయ కూలీలు వేసిన పిటిషన్ల మీదే 2016 ఆగస్టులో ఉమ్మడి హైకోర్టు సింగిల్ జడ్జి జీవో 123ని కొట్టేశారు. తర్వాత అప్పీళ్ళు నడిచాయి, కొత్త జీవోలు వచ్చాయి, అదంతా వేరే కథ. మన విషయానికి సంబంధించినంత వరకు, హారంలో చోటు లేని మనుషులు హారాన్నే సవాలు చేశారు.

అదే ఏడాది అక్టోబర్ చివర్లో ఇంకో స్కోర్‌కార్డు వచ్చింది. సులభతర వాణిజ్యంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ 98.78 శాతంతో దేశంలో మొదటి స్థానం పంచుకున్నాయి. పండగలా చెప్పుకున్న ఆ అంకె వెనక లెక్క చాలా చిన్నది. సంస్కరణల జాబితాలో 340 అంశాలు. రాష్ట్రానికి వర్తించేవి ఎన్ని, అందులో చేసినవి ఎన్ని? దాని శాతమే స్కోరు. ఆధారాలు రాష్ట్రాలే అప్‌లోడ్ చేశాయి, కేంద్రం, ప్రపంచ బ్యాంకు పరిశీలించాయి.

ఇక్కడ శాతం కన్నా దిశ ముఖ్యం. ప్రతి సూచికకీ ఒక దిశ ఉంటుంది, పెరిగితే మంచిదా తగ్గితే మంచిదా అని. ఆ జాబితాలో కార్మిక చట్టాలకు సంబంధించిన అంశాలూ ఉన్నాయి. కానీ తనిఖీలు, అనుమతులు తేలిక చేస్తే మార్కు పడుతుంది. ఫ్యాక్టరీలో యంత్రం దగ్గర నిలబడే కార్మికుడు రాస్తే, అదే వరసలో తనిఖీ జరిగితే మార్కు పడేది. అంటే ఒకే గడిలో ప్లస్ గుర్తు, మైనస్ గుర్తు తారుమారవుతాయి. ఈ తరహా ర్యాంకులకి మూలమైన ప్రపంచ బ్యాంకు ‘డూయింగ్ బిజినెస్’ నివేదిక సంగతి కూడా చెప్పుకోవాలి. 2018, 2020 సంచికల డేటాలో అవకతవకలు బయటపడ్డాక, 2021 సెప్టెంబర్‌లో దాన్ని పూర్తిగా ఆపేశారు.

వేర్వేరు కొలతలని కలపాలంటే ముందు ఒకే స్కేలు మీదకి తేవాలి. కూలి రూపాయల్లో ఉంటుంది, ప్రమాదాలు సంఖ్యల్లో ఉంటాయి, రెండూ నేరుగా కూడలేం. మామూలుగా వాడే పద్ధతి ఇది: మన విలువలోంచి కనిష్ఠాన్ని తీసేసి, గరిష్ఠానికీ కనిష్ఠానికీ ఉన్న తేడాతో భాగించి, 100తో గుణిస్తారు. మన కంపెనీ రోజు కూలి 350, పోల్చే కంపెనీల్లో అతి తక్కువ 200, అతి ఎక్కువ 500 అనుకోండి. 150ని 300తో భాగిస్తే స్కోరు 50. పోలికలోకి 800 ఇచ్చే కంపెనీ ఒకటి చేరితే? 150ని 600తో భాగిస్తే 25. కూలి పైసా మారలేదు, స్కోరు సగమైంది. తిరగేసి చూడండి: ఎక్కువ ఇచ్చే కంపెనీలని పోలికలోంచి తప్పిస్తే తక్కువ కూలి ఇచ్చేవాడు కూడా ఫస్ట్ క్లాసులో పాసవుతాడు. ‘ఎవరితో పోల్చారు?’ అన్నది మర్యాద తప్పిన ప్రశ్న కాదు, సూత్రంలో భాగం.

ఇక అసలు చోటుకి వద్దాం. వెయిటేజీ. రాబర్ట్ కాప్లాన్, డేవిడ్ నార్టన్ 1992లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ‘బ్యాలెన్స్‌డ్ స్కోర్‌కార్డ్’ని ప్రతిపాదించారు. కంపెనీని లాభాలతో మాత్రమే కొలవొద్దు, ఖాతాదారులు, లోపలి పని పద్ధతి, నేర్చుకోవడం–ఎదగడం కూడా చూడాలి అన్నారు. మాట మంచిదే. తర్వాత ఆ నాలుగింటినీ ఒక్క అంకెలో కుదించే అలవాటు వచ్చింది. అక్కడే చూపు నిలపాలి.

ఊహకి ఒక కంపెనీ తీసుకుందాం. నాలుగో గడిలో కార్మికుల పరిస్థితి పెడదాం. లాభాలకి 90 మార్కులు, ఖాతాదారులకి 80, పని పద్ధతికి 85, కార్మికుల పరిస్థితికి 20. వెయిటేజీలు వరసగా 40, 30, 20, 10 అనుకోండి. 90లో 40 శాతం 36, 80లో 30 శాతం 24, 85లో 20 శాతం 17, 20లో 10 శాతం 2. కూడితే 79. డిస్టింక్షన్! నాలుగింటికీ సమానంగా 25 ఇస్తే 68.75. కార్మికులకి 40 ఇచ్చి మిగతా మూడింటికీ 20 చొప్పున ఇస్తే 59. మార్కులు మారలేదు, మార్కుల విలువ మారింది.

ఇంకొంచెం లోపలికి వెళితే వెయిటేజీ అంటే మారకపు రేటు అని తెలుస్తుంది. మొదటి పద్ధతిలో కార్మికుల స్కోరుని 20 నుంచి 40కి పెంచితే మొత్తం 2 పాయింట్లు పెరుగుతుంది. లాభాల స్కోరుని 90 నుంచి 95కి పెంచినా అదే 2 పాయింట్లు. కార్మికుల బతుకులో 20 పాయింట్ల మెరుగుదల, లాభంలో 5 పాయింట్ల పెరుగుదల సమానమని ఆ కార్డు ముందే రాసేసుకుంది. మేనేజరు చెడ్డవాడై ఉండనక్కర్లేదు. బోనస్ ఈ అంకె మీద ఆధారపడితే అతను సులువైన 5 పాయింట్ల వెంట పడతాడు. మనువు రాసిన వెయిటేజీల కింద బతికిన సమాజానికి ఇది కొత్త పాఠమేమీ కాదు, అంకెల్లో చూడటం కొత్త.

కూడి సగటు తీసే పద్ధతిలో ఇంకో గుణం ఉంది. ఒక చోటి లోటుని ఇంకో చోటి మిగులు కప్పేస్తుంది. సమాన వెయిటేజీతో కార్మికుల స్కోరు సున్నా అయినా పై కంపెనీకి 63.75 వస్తుంది. దీనికి విరుగుడు గుణమధ్యమం. కూడే బదులు నాలుగు స్కోర్లని గుణించి, వచ్చినదానికి రెండుసార్లు వర్గమూలం తీయాలి. 90, 80, 85, 20తో అలా చేస్తే సుమారు 59 వస్తుంది. ఏ ఒక్కటి సున్నా అయినా మొత్తం సున్నా. మానవాభివృద్ధి సూచికలో ఐక్యరాజ్యసమితి 2010లో ఈ పద్ధతికి మారడానికి కారణం ఇదే. ఆరోగ్యంలో వెనకబాటుని ఆదాయం పూర్తిగా కప్పేయకూడదని.

ఒక్క సూచికనే నమ్ముకుంటే ఏమవుతుందో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2010లో చూసింది. మైక్రోఫైనాన్స్ కంపెనీల గర్వకారణం వసూళ్ళ శాతం. ఒక మహిళ ఒక కంపెనీ దగ్గర తీసుకున్న అప్పు వాయిదాని ఇంకో కంపెనీ అప్పుతో కడితే మొదటి కంపెనీ కార్డులో వసూళ్ళు నూరు శాతం. రెండోదాన్ని మూడోదానితో కడితే రెండో కంపెనీకీ నూరు. ఆమె మెడ చుట్టూ ఉన్న మొత్తం అప్పు ఏ కార్డులోనూ లేదు. మొండి బాకీల నిష్పత్తి కూడా అంతే. కోటి రూపాయల అప్పుల్లో 10 లక్షలు ఆగిపోతే 10 శాతం. ఇంకో కోటి కొత్త అప్పులిస్తే ఆ నిష్పత్తి 5 శాతానికి దిగుతుంది, ఆగిన పది లక్షలు ఆగినట్టే ఉంటాయి. ఆ ఆగస్టులో ఎస్‌కేఎస్ షేర్లు స్టాక్ మార్కెట్‌కి వచ్చాయి. అక్టోబర్‌లో ఆత్మహత్యల వార్తల మధ్య ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది.

స్కోర్‌కార్డులే వద్దు అనేవాళ్ళు మనలో ఉన్నారు. నేను ఒప్పుకోను. 1990ల మధ్యలో జహీరాబాద్ ప్రాంత సంఘాలు కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయంతో బీడు పడ్డ భూముల్ని సాగులోకి తెచ్చి, ఆ జొన్నలతో ఊళ్ళోనే ధాన్య నిధి పెట్టుకున్నాయి. రేషన్ బియ్యానికి ప్రత్యామ్నాయం అది. జొన్నలు ఎవరికి ఎన్ని? ఊరి మ్యాపు నేల మీద గీసి, ఏ ఇల్లు ఎంత పేదదో సంఘం ఆడవాళ్ళే అందరి ముందు తేల్చారు. ఎక్కువ పేదైన ఇంటికి ఎక్కువ జొన్నలు. అదీ స్కోర్‌కార్డే. కొలతలున్నాయి, అంతస్తులున్నాయి, వెయిటేజీ ఉంది. తేడా ఏమిటంటే మార్కు పడిన ఇంటావిడ అక్కడే కూర్చుని ‘అట్ల గాదు’ అనగలదు. ఆఫీసు గదిలో తయారైన కార్డుకి ఆ వీలు లేదు.

ఇప్పుడు చేతిలో ఉన్న పనికి వద్దాం. ఎస్సీల ప్రత్యేక అభివృద్ధి నిధి మీద సమాచార హక్కు దరఖాస్తులు పెట్టే విద్యార్థి మిత్రులకి వచ్చే జవాబుల్లో ‘వినియోగం 90 శాతం’ లాంటి వాక్యం కనిపించవచ్చు. 2017 తెలంగాణ చట్టం జనాభా నిష్పత్తిలో నిధులు కేటాయించాలంటుంది. 2011 జనగణన ప్రకారం రాష్ట్రంలో ఎస్సీలు సుమారు 15.45 శాతం. బడ్జెట్‌లో 100 రూపాయలు కేటాయించి, 60 విడుదల చేసి, 54 ఖర్చుపెట్టారనుకోండి. 54ని 60తో భాగిస్తే 90 శాతం, 100తో భాగిస్తే 54 శాతం. అందుకని దరఖాస్తులో శాతం అడగొద్దు. బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, విడుదల, ఖర్చు, ఈ నాలుగు అంకెలూ శాఖల వారీగా, పథకాల వారీగా రూపాయల్లో అడగండి. ఖర్చులో ఎస్సీ కుటుంబాలకి నేరుగా చేరిందెంత, అందరికీ పనికొచ్చే రోడ్లూ భవనాల ఖాతాలో ఎస్సీల వాటాగా చూపించిందెంత, విడివిడిగా అడగండి. భాగహారం మనమే చేసుకుందాం.