చర్మకాంతియు సహజ సూక్ష్మజీవులును

క్రిమి యను మాట చెవిని బడినంతనే మనకు రోత పుట్టును. సబ్బుతోనో మందుతోనో దానిని రూపుమాపినగాని శుచి లేదని తలంతుము. ఐనను క్రిములన్నియు పగవారు కావు. చరకసంహిత విమానస్థానమున ఇరువది విధములగు క్రిములను లెక్కించుచు, శరీరముతో బుట్టిన సహజక్రిములను ఆ లెక్కనుండి వేరుచేసిరి. అవి వికారమును గలిగింపనివని వ్యాఖ్యాతయగు చక్రపాణిదత్తుడు తెలిపెను. ఆ క్రిమియు, నేడు సూక్ష్మదర్శినిలో గానవచ్చు బాక్టీరియాయు ఒకటేయని వాదింప బనిలేదు. మేనితో సఖ్యముగా నుండు జీవులు గలవను తలంపు మాత్రము మనకు క్రొత్తది కాదు.

నేటి శాస్త్రము దీనిని వివరముగా జూపుచున్నది. 2009లో అమెరికాయందు ఎలిజబెత్ గ్రైస్, జూలియా సెగ్రే మున్నగువారు ఆరోగ్యవంతులగు పదిమంది మేనిపై ఇరువది తావులను పరీక్షించిరి. జిడ్డుగల చోట ఒక తెగవి, తడిగల చోట వేరొక తెగవి, పొడిగల చోట మరియొక తెగవి మిక్కుటముగా నుండుట కనుగొనిరి. మన హైదరాబాదునందును, మహారాష్ట్రలోని మిరజునందును కుష్ఠరోగుల చర్మమునందలి సూక్ష్మజీవులను ఆరోగ్యవంతుల వానితో బోల్చిన పరిశోధన 2019లో ప్రకటితమయ్యెను.

ఈ చుట్టములు చేయు మేలేమి? చర్మమునుండి యూరు జిడ్డును ఇవి విరిచి కొవ్వు ఆమ్లములుగా జేయును. అందుచేతను, చెమటచేతను చర్మమునకు కొంచెము పులుపుగుణము గలుగును, దాని పి.హెచ్. సుమారు 5. ఆ పులుపున స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ అను నెయ్యపు జీవి సుఖముగా వర్ధిల్లును. సెగగడ్డలు పుట్టించు స్టెఫిలోకాకస్ ఆరియస్‌కు ఆ పులుపు సరిపడదు. అంతియగాక, మొదటి దానిలో కొన్ని తెగలు రెండవ దానిని చంపు పదార్థములను గూడ పుట్టించును.

సామాన్యపు సబ్బు క్షారగుణము గలది; దాని పి.హెచ్. 9 మొదలు 10 వరకు నుండును. దానితో ముఖమును మాటిమాటికి గడిగినచో పులుపు తరిగి, తేమ యింకి, చర్మము బిరుసెక్కును. నిమ్మరసము పూసికొని యెండకు బోయినచో బొబ్బలెక్కవచ్చును.

ఇంతకంటె ఘోరమైన దొకటి కలదు. ఉస్మానియా విశ్వవిద్యాలయపు చెంతనున్న మన మెట్టుగూడ, తార్నాకలలో చదువెరిగిన యిల్లాండ్రు మెండు. ఐనను పెండ్లిచూపులు దగ్గరపడగానే, పిల్ల చామనచాయయని వెరచి, మందులంగడినుండి తెల్లబరచు లేపనమును దెచ్చు తల్లులు లేకపోలేదు. అట్టి లేపనములు కొన్నిట బీటామెథసోను, క్లోబెటసాలు వంటి స్టెరాయిడులుండును. కొన్ని వారములు ముఖము తేటగా దోచును. పిదప చర్మము పలుచనై యెర్రని నరములు తేలును, మొటిమలు లేచును, ముఖమున రోమములు మొలచును. చర్మపు రక్షణశక్తి సన్నగిల్లుటచే తామర సులువుగా బ్రాకును. అందుకే 2018లో కేంద్రప్రభుత్వము 14 స్టెరాయిడు లేపనములను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాని పట్టికలో జేర్చెను. ఇదివరకే వాడుచున్నవారు తటాలున మానినచో మంటయు నెరుపును హెచ్చవచ్చును గావున చర్మవైద్యుని యడిగియే మానవలయును.

మనము చేయదగినది స్వల్పము. ముఖమును దినమునకు రెండుమారులు గోరువెచ్చని నీటితో, క్షారము లేని మృదువైన సబ్బుతో గడిగిన జాలును. సున్నిపిండితో నలుగు పెట్టునప్పుడు మేను మండునట్లు రుద్దరాదు. స్నానానంతరము తడి యారకముందే, సరిపడు నూనెగాని లేపనముగాని పలుచగా రాయవలయును. మొటిమలు గలవారు ముఖమునకు నూనె మానుట మేలు. ఒకరికి వ్రాసిన క్రిమినాశక ఔషధమును వేరొకరు పూసికొనరాదు. అది మేలుచేయు జీవులను సైతము చంపును. ఆ మందునకు లొంగని క్రిములను బెంచును.

సూక్ష్మజీవులను బోషించినంత మాత్రమున నల్లని మేను తెల్లనగునని యెవరైన జెప్పిన నమ్మకుడు. మేనిఛాయ తల్లిదండ్రుల యొసంగు. నునుపు, తేమ, పుండు లేకుండుట – ఇవియే ఆరోగ్యకాంతి. మన బిడ్డలకు వీనిని గాపాడి యిత్తము. వారి ఛాయను నిందించుట మానుదము.