మూడు చోట్ల ఆగే స్ప్రింగు

సూటు జేబులో పెట్టుకోవడానికి చిన్న మడత కత్తిని ప్రత్యేకంగా చేయించుకునేవాళ్లు మొట్టమొదట మాట్లాడేది పిడి గురించి. ముత్యపు చిప్ప వేయించాలా, కొమ్ము వేయించాలా, బంగారం తాపడం చేయించాలా అని. నన్నడిగితే అది ఆఖరున తేల్చుకోవాల్సిన సంగతి. మడత కత్తి ముందు యంత్రం, తర్వాతే నగ. అందులో పనిచేసేవి అలుగు, ఇరుసు, వీపు వెంబడి ఉండే స్ప్రింగు. ఇచ్చే డబ్బులో పెద్ద వాటా ఆ మూడింటి అమరికకే పోవాలి.

మడిచే కత్తులు పాతవే. ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్‌లో క్రీస్తుకు పూర్వం 6వ శతాబ్దం నాటిది దొరికింది. రోమన్లకూ ఉండేవి. తెరిచిన అలుగు తెరిచినట్టే నిలిచేలా వీపున స్ప్రింగు పెట్టడం మాత్రం 17వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో స్థిరపడింది. అక్కడి కత్తుల పనివాళ్ల సంఘానికి 1624లోనే పార్లమెంటు చట్టబద్ధత కల్పించింది.

స్ప్రింగు బాగుండాలంటే ఉక్కు బాగుండాలి. గడియారాలు చేసే బెంజమిన్ హంట్స్‌మన్ తన స్ప్రింగులకు సరైన ఉక్కు దొరక్క, 1740ల్లో దాన్ని మూసల్లో పూర్తిగా కరిగించి అచ్చుల్లో పోసే పద్ధతి కనిపెట్టాడు. మరీ గట్టిగా ఉందని షెఫీల్డ్ కత్తుల వాళ్లు మొదట వద్దన్నారు. ఫ్రాన్సు వాళ్లు కొనడం మొదలుపెట్టాక దారికొచ్చారు. మూసలో ఉక్కు చేయడం మన కమ్మరులకు అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే తెలుసు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం ఉక్కు కోసం పారశీక వర్తకులు వెతుక్కుంటూ వచ్చేవారు. మనవాళ్లు ఉక్కు ముద్దను మూసలోనే చల్లారనిచ్చేవారు. హంట్స్‌మన్ దాన్ని పోతపోశాడు. తేడా అక్కడ.

చిన్న జేబు కత్తి అసలు ఉద్యోగం ఈకకలం చెక్కడం. 19వ శతాబ్దంలో బర్మింగ్‌హామ్ ఉక్కు పాళీలు వచ్చి ఆ ఉద్యోగం ఊడగొట్టాయి. కత్తి మాత్రం పోలేదు. కోటు లోపలి చొక్కా జేబులోకి, గడియారం గొలుసు చివరికి చేరి, ఉత్తరాలు చించడానికీ చుట్ట కొస కోయడానికీ పనికొచ్చింది. పండ్ల పులుపుకు ఉక్కు నల్లబడుతుందని వెండి అలుగుతోనూ చేసేవారు. తుప్పు పట్టని ఉక్కును హ్యారీ బ్రేర్లీ అదే షెఫీల్డ్‌లో 1913లో పోతపోశాక ఆ అవసరం తీరింది.

ఇక యంత్రం. అలుగు మొదట్లో ఇరుసు చుట్టూ ఉన్న భాగానికి చదునైన ముఖాలు, వాటి మధ్య మూలలు ఉంటాయి. తెరుస్తుంటే మూల స్ప్రింగును పైకెత్తుతుంది. మూల దాటగానే స్ప్రింగు టక్కున తర్వాతి చదును మీద పడుతుంది. మూసినప్పుడు ఒకచోట, సగం తెరిచినప్పుడు ఒకచోట, పూర్తిగా తెరిచినప్పుడు ఒకచోట ఆగుతుంది. ఈ మూడు చోట్లా స్ప్రింగు వీపు పిడి వీపుతో సమంగా ఉండాలి, గోటితో రాస్తే ఎక్కడా తగలకూడదు. అందుకోసం పనివాడు ఆకురాయితో చదునును ఒక్క రాపు రాసి, తాత్కాలికపు శీలలతో కత్తిని కూర్చి, వెలుతురుకు పట్టి చూసి, మళ్లీ విప్పుతాడు. ఒక రాపు ఎక్కువైతే స్ప్రింగు లోపలికి దిగిపోతుంది. పోయిన లోహాన్ని మళ్లీ అతికించే దారి లేదు.

ఇదంతా ఉక్కు మెత్తగా ఉండగానే. ఆ తర్వాత కాచి, ముంచి గట్టిపరుస్తారు. అలాగే వదిలేస్తే పెళుసు కాబట్టి మళ్లీ తక్కువ వేడికి కాస్తారు. మామూలు కార్బన్ ఉక్కయితే అలుగును గడ్డి రంగు వచ్చేదాకా, స్ప్రింగును సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీలం తిరిగేదాకా. అలుగు వాదర నిలుపుకోవాలి, స్ప్రింగు వంగి మళ్లీ లేవాలి. అందుకే వేడి వేరు. ఆ రంగులు ఉక్కు మీద ఏర్పడే పలచని ఆక్సైడ్ పొరవి. తడి రోడ్డు మీద పడిన నూనె చుక్కలో రంగులు పలికినట్టే, పొర మందం మారితే రంగు మారుతుంది. ఈనాటి కత్తుల్లో టైటానియం రేకులకు నీలం, ఊదా తెప్పించేదీ ఇదే సూత్రం. అక్కడ వేడికి బదులు విద్యుత్తు వాడతారు. వోల్టేజి ఎంతో రంగు అది.

ఈ పనిని చివరిదాకా నిలిపినవారిలో స్టాన్ షాను తలచుకోవాలి. 1941లో, ఇంకా పిల్లవాడిగా ఉండగానే, షెఫీల్డ్‌లోని ఇబ్బర్‌సన్ కంపెనీలో చేరారు. ముసలితనంలో కెల్హమ్ ఐలండ్ మ్యూజియంలో చిన్న గది పెట్టుకుని, ఆర్డరిచ్చినవాళ్లకు కత్తులు చేసేవారు. జనం ఏళ్ల తరబడి వేచి ఉండేవారు. 2021లో కన్నుమూశారు. ఒక్క మనిషి చేత్తో రాసి కూర్చే వస్తువుకు అన్నేళ్లు ఆగడం సబబే అంటాను.

చేయించేటప్పుడు ముందు కొలతలు చెప్పాలి. సన్నని బట్ట జేబు సాగకుండా ఉండాలంటే పిడి మందం ఒక సెంటీమీటరు దాటకపోవడం మేలు. అట్టముక్క కత్తిరించి జేబులో వేసుకుని చూస్తే పొడవు తేలిపోతుంది. బ్రిటన్‌లో చేయించుకుంటే 1988 నాటి చట్టం కూడా ఒక కొలతే. కారణం చూపకుండా వెంట ఉంచుకోవాలంటే వాదర 3 అంగుళాలు మించకూడదు, తెరిచాక అలుగు తాళం పడేదై ఉండకూడదు. పాత షెఫీల్డ్ స్ప్రింగు తాళం వేయదు, ఒత్తి పట్టుకుంటుందంతే. అందుకే అది చట్టానికి సరిపోతుంది.

పిడి మాట ఇప్పుడు. ఏనుగు దంతం అడగవద్దు. 1989 నాటి అంతర్జాతీయ వర్తక నిషేధం తర్వాత దాన్ని దేశాలు దాటించలేరు, దాటించకూడదు కూడా. ముత్యపు చిప్ప దీటుగా ఉంటుంది. అది మైక్రాన్‌లో సగం మందం ఉండే కాల్షియం కార్బొనేట్ పలకల దొంతర, ఆ మెరుపు అందులోంచే వస్తుంది. రంధ్రం వేసేటప్పుడు వేడెక్కితే బీటలు వారుతుంది కాబట్టి నీటి కింద తొలుస్తారు. దాని ధూళి ఊపిరితిత్తులకు చేటు.

కత్తి చేతికొచ్చాక మెల్లగా తెరవండి. సగంలో ఆగాలి, ఆగిన చోట అలుగు అటూ ఇటూ ఊగకూడదు. మూసేటప్పుడు వాదర స్ప్రింగుకు కొట్టుకోకూడదు. దానికోసమే వాదర మొదట్లో చిన్న బుడిపె వదులుతారు. ఇవి సరిగా లేకపోతే మొహమాటపడకుండా తిరిగి ఇచ్చేయండి. ఇంటికి తెచ్చాక ఇరుసులో అప్పుడప్పుడూ ఒక బొట్టు నూనె వేసి, పండు కోసిన వెంటనే తుడిస్తే సరి. ముత్యపు చిప్ప పిడిని మాత్రం వేడినీళ్లకు చూపించకండి.