ఫ్లాట్ వేశాక మూలలు ఎందుకు తెల్లబడతాయి?

దూరపు టెలిస్కోపుతో నెబ్యులాలను, గెలాక్సీలను ఫోటో తీసేవాళ్లను బాగా వేధించే ప్రశ్న ఇది. ముడి ఫోటోలో మూలలు కాస్త నల్లగా ఉంటాయి. అది ప్రతి టెలిస్కోపుకూ ఉండేదే, దాన్ని సరిచేయడానికే ఫ్లాట్ ఫ్రేము, అంటే అంతటా సమానంగా వెలిగేదాన్ని తీసిన ఫోటో, ఉంది. తీరా దానితో భాగించి చూస్తే నలుపు పోవడంతో ఆగదు, మూలలు నడిమి భాగం కంటే తెల్లగా తేలతాయి. వెంటనే అనుమానం ఫ్లాట్ మీదికి వెళ్తుంది. చాలాసార్లు ఫ్లాట్ బాగానే ఉంటుంది. భాగించే ముందు తీసేయాల్సిన అంకె ఒకటి ఫోటోలో మిగిలిపోయి ఉంటుంది.

అసలు అంత దూరపు టెలిస్కోపు మనకెందుకంటే, కరీనా నెబ్యులా హైదరాబాదు నుంచి దక్షిణాన మహా అయితే 13 డిగ్రీల ఎత్తుకు లేస్తుంది. పెద్ద మెజిలానిక్ మేఘమైతే 3 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఆ ఎత్తులో నగరపు వెలుగు, దుమ్ము తప్ప మరేమీ కనబడదు. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్‌లోని సైడింగ్ స్ప్రింగ్ కొండ నుంచి అదే కరీనా 60 డిగ్రీలు దాటి పైకొస్తుంది. అక్కడున్న టెలిస్కోపులో కొంత సమయం అద్దెకు తీసుకుని ఇంట్లోంచి ఫోటో తీయడంలో అర్థముంది.

దూరం నుంచి నడపడం మన దేశానికి కొత్తేమీ కాదు. లడఖ్‌లోని హాన్లేలో ఉన్న 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపును బెంగళూరు దగ్గరి హోసకోటె నుంచి ఉపగ్రహ సంబంధంతో నడుపుతారు. కానీ అది నడిపేవాళ్లు తమ కెమెరాను లోతుగా ఎరిగినవాళ్లు. అద్దె టెలిస్కోపులో మనం కెమెరాను ముట్టుకోం, ఫ్లాట్లు మనం తీయం, గుమ్మటం తలుపు సరిగ్గా మూసుకుందో లేదో చూడం. చేతికొచ్చేవి ఫైళ్లు మాత్రమే. లోపాన్ని ఆ ఫైళ్లలోనే చదవాలి, చదవడానికి కావలసినదంతా వాటిలో ఉంటుంది.

ఒక పిక్సెల్ అంకెలో ఏమేమి కలిసి ఉంటాయి?

ఆకాశం నుంచి వచ్చిన వెలుగు మొదటిది. అది అద్దాలు, ఫిల్టర్లు దాటి వస్తుంది కాబట్టి దారిలో కొంత తగ్గుతుంది. నడిమిలో నూరు వంతులు వస్తే మూలకు డెబ్భై వంతులే చేరవచ్చు. ఇది గుణకారం లాంటి మార్పు. తరువాత సెన్సార్ వేడికి పుట్టే డార్క్ కరెంట్ కలుస్తుంది. చివర కెమెరా ఎలక్ట్రానిక్స్ తన వంతుగా ఒక స్థిరమైన అంకె కలుపుతుంది. నాయిస్ వల్ల విలువ సున్నా కిందికి పడిపోకుండా కావాలనే కలిపే ఈ అంకెను ఆఫ్‌సెట్ అంటారు. వెలుగు సోకకుండా అతి తక్కువ ఎక్స్‌పోజర్‌తో తీసే బయాస్ ఫ్రేములో కనిపించేది ఇదే.

డార్క్ కరెంట్, ఆఫ్‌సెట్ రెండూ వెలుగు అద్దాలు దాటాక కలిసినవి. మూలల్లో వెలుగు తగ్గడంతో వాటికి సంబంధం లేదు. కిరాణా కొట్లో ఖాళీ గిన్నె బరువు ముందు తీసేసి తరువాతే సరుకు ధర కట్టినట్టు, వాటిని ముందు తీసేసి తరువాతే ఫ్లాట్‌తో భాగించాలి. ఈ వరస తప్పితే ఏమవుతుందో అంకెలతో చూద్దాం.

ఆకాశపు వెలుగు నడిమిలో 200 కౌంట్లు, మూలలో 140, ఆఫ్‌సెట్ 500 అనుకోండి. ఫైల్లో నడిమి 700, మూల 640 ఉంటాయి. ఆఫ్‌సెట్ తీసేసి భాగిస్తే నడిమిలో 200, మూలలో 140ని 0.7తో భాగించగా 200. చదునుగా వచ్చింది. ఆఫ్‌సెట్ తీయకుండా భాగిస్తే నడిమిలో 700, మూలలో 640ని 0.7తో భాగించగా 914. మూల తెల్లబడింది, ఫ్లాట్ తప్పేమీ లేదు.

ఇప్పుడు తప్పును తిరగేసి, లైట్ ఫ్రేములో, అంటే ఆకాశపు ఫోటోలో, ఆఫ్‌సెట్ తీసి, ఫ్లాట్‌లో మరిచిపోదాం. ఫ్లాట్ నడిమి 30,000, మూల 21,000, రెంటిలోనూ 500 అదనం. నిష్పత్తి 0.7 బదులు 0.705 అవుతుంది. మూల 200 బదులు దాదాపు 198.6 వస్తుంది, అంటే ఒక శాతం లోపు నలుపు మిగిలింది. ఈ రెండు లెక్కల్లోనే సగం రోగనిర్ధారణ ఉంది. మూలలు తెల్లబడితే లైట్‌లో ఏదో మిగిలిపోయింది. కొద్దిగా నలుపు మిగిలితే ఫ్లాట్‌లో ఆఫ్‌సెట్ ఉండిపోయి ఉండవచ్చు. మూలలు మరీ నల్లబడి, నేపథ్యం సున్నాకు అతుక్కుపోతే ఆఫ్‌సెట్ రెండుసార్లు తీసేసినట్టు.

మామూలు ఫిల్టర్లలో బాగుండి, హైడ్రోజన్-ఆల్ఫాలో మాత్రమే ఎందుకు చెడుతుంది?

చాలామందిని తికమక పెట్టే చోటు ఇది. ఒకే కెమెరా, ఒకే ఎక్స్‌పోజర్, ఒకే మాస్టర్ డార్క్, అంటే వెలుగు సోకకుండా అదే ఎక్స్‌పోజర్‌తో తీసిన డార్క్ ఫ్రేముల సగటు; డార్క్ కరెంట్, ఆఫ్‌సెట్ రెండూ అందులో ఉంటాయి. ల్యూమినెన్స్ ఫోటో చక్కగా వస్తుంది, హెచ్-ఆల్ఫా ఫోటో మూలలు తేలతాయి. ఆ ఫిల్టర్ ఫ్లాటే చెడిందని తేల్చేయాలనిపిస్తుంది. డార్క్ నిజమైన విలువ కంటే 20 కౌంట్లు తక్కువగా ఉందనుకుని లెక్క కట్టండి. ల్యూమినెన్స్‌లో ఆకాశం 2,000 కౌంట్లు. మిగిలిపోయిన 20 వల్ల నడిమి 2,020, మూల 2,029 దాకా వస్తాయి. తేడా అర శాతం కూడా లేదు, కంటికి ఆనదు. హెచ్-ఆల్ఫా లాంటి ఇరుకు ఫిల్టర్‌లో ఆకాశం 30 కౌంట్లే ఉండవచ్చు. అక్కడ నడిమి 50, మూల 41ని 0.7తో భాగించగా 58.6. పదిహేడు శాతం తేడా! దోషం రెండు ఫోటోల్లోనూ ఒకటే. ఒకచోట ఆకాశపు వెలుగు దాన్ని కప్పేసింది, రెండోచోట కప్పేంత వెలుగు లేదు.

హెచ్-ఆల్ఫాలో ఇంకో దారిలో కూడా మూలలు తేలతాయి. డార్క్ సరిగ్గా తీసేసినా, వెలుగు అంత తక్కువైనప్పుడు నాయిస్ వల్ల కొన్ని పిక్సెళ్లు సున్నా కిందికి వెళ్తాయి. ఫైలు రుణ సంఖ్యలను ఉంచుకోలేనిదైతే అవన్నీ సున్నా అయిపోతాయి. చీకటి మూలల్లో ఇలాంటివి ఎక్కువ. కింది భాగం కోసుకుపోయినందువల్ల అక్కడి సగటు పైకి జరుగుతుంది, భాగించాక ఇంకా పెరుగుతుంది. దీనికి మందు పెడెస్టల్. డార్క్ తీసేశాక 100 లాంటి చిన్న అంకె కలిపి, భాగింపును ఆ అంకెకు అంటకుండా చేస్తారు. ఫోటోలను ప్రాసెస్ చేసే పిక్స్‌ఇన్‌సైట్ సాఫ్ట్‌వేర్‌లో ఔట్‌పుట్ పెడెస్టల్ పేరుతో ఒక గడి ఉంటుంది. క్యాలిబ్రేట్ చేసిన, అంటే డార్క్ తీసేసి ఫ్లాట్‌తో భాగించిన, ఫైళ్లను 32-బిట్ ఫ్లోటింగ్ పాయింట్‌లో భద్రపరచడం అలవాటు చేసుకోండి.

మిగిలిపోయే ఆ అంకె ఎలా వస్తుంది?

దూరపు టెలిస్కోపుల్లో మాస్టర్ డార్కులు ఒక గ్రంథాలయంలా పేరుకుని ఉంటాయి. మధ్యలో కెమెరా గెయిన్ గానీ ఆఫ్‌సెట్ గానీ మార్చి ఉంటారు, పాత డార్కులు అలాగే ఉండిపోతాయి. సీమాస్ కెమెరాల్లో ఈ రెండూ సరిపోలని డార్కుతో పని జరగదు. కొన్ని సేవలు ముడి ఫైలుతోపాటు క్యాలిబ్రేట్ చేసిన ఫైలు కూడా ఇస్తాయి. రెండోదాన్ని తీసుకుని మళ్లీ డార్క్ వేస్తే ఆఫ్‌సెట్ రెండుసార్లు పోయినట్టే. మాస్టర్ డార్క్‌లో బయాస్ ముందే ఉంటుందన్నది మరిచి, డార్కును, బయాస్‌ను విడివిడిగా తీసేసినా అదే ఫలితం.

కాబట్టి ముందు చూడాల్సింది ఫోటో తీసిన వివరాలు నమోదై ఉండే ఫిట్స్ ఫైలు హెడర్. ఎక్స్‌పోజర్, సీసీడీ-టెంప్, గెయిన్, ఆఫ్‌సెట్, బిన్నింగ్, ఫిల్టర్ వరసలను లైట్‌కూ డార్క్‌కూ పక్కపక్కన పెట్టి చదవండి. మాక్సిమ్ డీఎల్ సాఫ్ట్‌వేర్‌తో తయారైన ఫైళ్లలో క్యాల్‌స్టాట్ అనే వరస ఉంటుంది. అందులో బీ, డీ, ఎఫ్ అక్షరాలుంటే బయాస్, డార్క్, ఫ్లాట్ అప్పటికే వేసేశారు. పెడెస్టల్ వరసలో -100 అని ఉంటే, 100 కౌంట్లు కలిపి ఉంచారు, అసలు సున్నా కావాలంటే తీసేయమని అర్థం. అది చూడకుండా మళ్లీ ఫ్లాట్‌తో భాగిస్తే మనం మొదలుపెట్టిన జబ్బే తిరిగొస్తుంది.

ఉష్ణోగ్రతను హెడర్లో రెండుచోట్ల చూడాలి, అడిగింది ఎంత, నిజంగా ఉన్నది ఎంత అని. వేసవి రాత్రి కూలర్ -20 డిగ్రీలకు చేరలేక -15 దగ్గర ఆగితే, సుమారు 6 డిగ్రీలకు రెట్టింపయ్యే డార్క్ కరెంట్ అప్పటికే చాలా పెరిగి ఉంటుంది. డార్కును లెక్కతో పెంచి సరిపెట్టడం పాత సీసీడీ కెమెరాల్లో కుదిరేది. సెన్సార్ అంచున మెరుపు కనిపించే సీమాస్ కెమెరాల్లో కుదరదు, ఎందుకంటే ఆ మెరుపు డార్క్ కరెంట్ పెరిగే లెక్కలో పెరగదు.

ఇంకోటి, చాలా సీమాస్ కెమెరాల్లో యాంత్రిక షట్టర్ ఉండదు. గుమ్మటం మూసి పగటిపూట డార్కులు తీస్తే వెలుగు సందుల్లోంచి చొరబడవచ్చు. మాస్టర్ డార్కును గట్టిగా స్ట్రెచ్ చేసి చూడండి. ఒక పక్క నుంచి మరో పక్కకు మెల్లగా మారే వెలుగు కనిపిస్తే ఆ డార్క్ పనికిరాదు.

దుమ్ము మచ్చ పక్కనే ఇంకో మచ్చ ఎందుకు?

ఫ్లాట్ వేశాక ప్రతి దుమ్ము వలయానికీ ఒక పక్క తెలుపు, ఒక పక్క నలుపు వచ్చి, చెక్కిన బొమ్మలా ఉబ్బి కనిపిస్తే, ఫ్లాట్ తీసిన సమయానికీ లైట్ తీసిన సమయానికీ మధ్య దుమ్ము నీడ కదిలింది. ఇది మాత్రం నిజంగా ఫ్లాట్ సమస్యే. దుమ్ము ఎక్కడుందో కూడా కొలవవచ్చు. వలయం వ్యాసాన్ని పిక్సెళ్లలో కొలిచి, పిక్సెల్ పరిమాణంతోనూ టెలిస్కోపు ఎఫ్ సంఖ్యతోనూ గుణిస్తే సెన్సార్ నుంచి దుమ్ము ఉన్న దూరం సుమారుగా వస్తుంది. 3.76 మైక్రాన్ల పిక్సెల్, ఎఫ్/7 టెలిస్కోపు, 130 పిక్సెళ్ల వలయం అయితే దాదాపు మూడున్నర మిల్లీమీటర్లు, అంటే సెన్సార్ ముందరి గాజు మీద. 800 పిక్సెళ్లయితే 21 మిల్లీమీటర్లు. అంత దూరంలో ఉండేది ఫిల్టర్ కావచ్చు. ఫిల్టర్ మీది మచ్చలు మాత్రమే కదిలితే, ఫిల్టర్ చక్రం ప్రతిసారీ అదే చోట ఆగడం లేదు. అద్దాల మీది పెద్ద నీడలు, మూలల నలుపు కదిలి చిన్న వలయాలు కదలకపోతే రొటేటర్ కెమెరాను వేరే కోణానికి తిప్పింది. మెరిడియన్ దాటాక మౌంట్ తిరగబడటం ఒక్కటే అయితే భయం లేదు. టెలిస్కోపు, కెమెరా కలిసే తిరుగుతాయి, అదే ఫ్లాట్ సరిపోతుంది.

సందేహం ఎలా తీర్చుకోవాలి?

రెండు చిన్న పరీక్షలున్నాయి, ఆకాశంతో పని లేదు. ముడి డార్క్ ఒక్కటి తీసుకుని మాస్టర్ డార్కుతో క్యాలిబ్రేట్ చేయండి. సగటు సున్నా దగ్గర ఉండాలి, నాయిస్ తప్ప ఏ ఆకారమూ కనబడకూడదు. అలాగే ముడి ఫ్లాట్ ఒకదాన్ని దాని డార్కు తీసేసి మాస్టర్ ఫ్లాట్‌తో భాగించండి. మూలనుంచి మూలకు చదునుగా రావాలి. రెండూ నెగ్గితే మాస్టర్లు తమలో తాము సరిగ్గానే ఉన్నాయి, తేడా లైట్‌కూ వాటికీ మధ్య ఉంది. ఒకటి ఓడితే ఏది ఓడిందో అక్కడ వెతకాలి.

ఈ పని మానేసి గ్రేడియెంట్‌ను, అంటే నేపథ్యంలో మెల్లగా మారే వెలుగును, తీసే సాధనంతో మూలలు చదును చేయడం అందరూ చేసేదే. నాకది బాధగా ఉంటుంది. కరీనా చుట్టూ పలచని హైడ్రోజన్ వెలుగు ఫ్రేము అంచులు దాటి పరుచుకుని ఉంటుంది. ఆ వెలుగేదో, క్యాలిబ్రేషన్ తప్పేదో సాధనానికి తెలియదు. తప్పుతోపాటు నెబ్యులానూ కోసేస్తుంది. నెబ్యులా కోసమే కదా అంత దూరం వెళ్లింది! ఆ సాధనానికి న్యాయమైన పని వేరే ఉంది. చంద్రుడి వల్లనో దిగంతపు వెలుగు వల్లనో వచ్చే నిజమైన గ్రేడియెంట్ సాధారణంగా ఒక పక్కకు వాలి, రాత్రి గడిచేకొద్దీ మారుతుంది. మూలలన్నిటా ఒకేలా ఉండి రాత్రి మారినా మారకపోతే అది ఆకాశానిది కాదు.

పరీక్షలు చేశాక అబ్జర్వేటరీ వాళ్లకు రాయండి. ఫోటో బాగా రాలేదని రాస్తే వాళ్లకు ఏ దారీ దొరకదు. లైట్ హెడర్లోని గెయిన్, ఆఫ్‌సెట్, ఉష్ణోగ్రత, రొటేటర్ కోణం, ఫిల్టర్ పేరు, పరీక్షల్లో వచ్చిన సగటు అంకెలు రాసి, అదే కోణంలో కొత్త ఫ్లాట్లు, వాటికి అదే ఎక్స్‌పోజర్ డార్కులు తీయమని అడగండి. ఆలస్యం చేయకండి. ఈలోగా ఎవరైనా ఫిల్టర్ తుడిచారంటే ఆ రాత్రి ఫోటోలకు సరిపోయే ఫ్లాట్ ఇక తీయడం కుదరదు.